నాకు గుర్తులేని పద్దెనిమిది రోజులు

నాకు మొదట గుర్తున్నది ఒక స్టీలు గ్లాసు అంచు. గోరువెచ్చగా నా కింది పెదవికి ఆనుకుని ఉంది. లోపల రాగిజావ. గ్లాసు పట్టుకున్న చేతికి ఆకుపచ్చ మట్టిగాజులు. ఆ చెయ్యి ఎవరిదో తెలియక తలెత్తి చూసేను. నలభై దాటిన మనిషి. జుట్టు ముడి వేసుకుని, పైట నడుముకి దోపుకుని, నా మంచం మీద నా పక్కనే కూర్చుని ఉంది. ఆ కూర్చోవడంలో కొత్త లేదు. ఎన్నాళ్ళనించో అక్కడే కూర్చుంటున్నట్టుంది.

"మీరెవరండీ?" అని అడిగేను.

ఆవిడ గ్లాసు దించేసి నా మొహంలోకి కాసేపు చూసింది. తర్వాత లేచి గుమ్మం దాకా వెళ్ళి, వీధరుగు మీద పేపరు చదువుకుంటున్న మావారిని పిలిచింది.

"అయ్యగారండీ, ఒక్కసారి ఇలా రండి. టీచరుగారు నన్ను ఎవరని అడుగుతున్నారండి."

ఆ గొంతులో సంతోషం వినబడింది. ఎందుకో నాకు అర్థం కాలేదు.

మావారు వచ్చేరు. గడ్డం బాగా మాసి ఉంది. పెళ్ళైనప్పట్నించీ ఆయన్ని గడ్డంతో చూడలేదేమో, ఆయన్ని కూడా వెంటనే పోల్చుకోలేకపోయేను. ఆయన మంచం పట్టె మీద కూర్చుని ఒక్కొక్క మాటే నిదానంగా చెప్పేరు. నాకు జ్వరం వచ్చింది. అది మెదడుకి పాకింది. కాకినాడ తీసుకెళ్ళేరు. అక్కడ పదకొండు రోజులు ఉన్నాం. ఇంటికొచ్చి పద్దెనిమిది రోజులైంది. జ్వరం ఎప్పుడో తగ్గింది గానీ, మతి కుదురుకోవడానికి కొన్ని వారాలు పట్టొచ్చని డాక్టరుగారు ముందే చెప్పేరట. ఆయనది కాలవల ఆఫీసులో ఉద్యోగం. ఉన్న సెలవలన్నీ కాకినాడలోనే అయిపోయేయి. మాకు పిల్లలు లేరు. అందుకని ఈవిడని కుదిర్చేరు. పొద్దున్న ఎనిమిదింటికి వచ్చి, సాయంత్రం ఆయన ఇంటికొచ్చేదాకా నా దగ్గర ఉంటుంది.

"పద్దెనిమిది రోజులా?" అన్నాను.

"ఆయ్, ఇవాళ్టితో పద్దెనిమిదండి," అంది ఆవిడ.

నేను లెక్కల టీచర్ని. అమలాపురంలో మా ఇంటికి నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న ఆడపిల్లల హైస్కూల్లో పని చేస్తున్నాను. పదకొండూ పద్దెనిమిదీ కలిపితే ఎంతో ఆ పూట నాకు తేలలేదు. వేళ్ళు మడుచుకుంటూ కూర్చున్నాను. నాకు గుర్తున్నంతలో నేను స్టాఫ్ రూములో యూనిట్ టెస్టు పేపర్లు దిద్దుతున్నాను. తల పగిలిపోతోంది. ఎర్ర పెన్ను మూత ఎక్కడో పడిపోయింది. బల్ల కిందికి వంగి ఆ మూత వెతుకుతున్నాను. ఆ వెంటనే ఈ గ్లాసు. మధ్యలో ఏమీ లేదు.

ఆ తర్వాత రోజుల్లో ఆవిణ్ణి చూస్తే నాకు తికమకగా ఉండేది. నాకు ఆవిడ మొన్నటి ఆదివారం పరిచయమైన మనిషి. ఆవిడకి నేను బాగా తెలిసిన మనిషిని. నా తల దువ్వేటప్పుడు ఎడం వైపు మొదలుపెడితే నాకు చిరాకని ఆవిడకి తెలుసు. కాఫీలో పంచదార వేసుకోనని తెలుసు. బల్లి కనబడితే కాళ్ళు పైకి ముడుచుకుంటానని తెలుసు. ఇవన్నీ మావారు చెప్పి ఉంటారని సరిపెట్టుకున్నాను. కానీ ఒకరోజు నా కాళ్ళకి కొబ్బరినూనె రాస్తూ, "మీ హెడ్మాస్టరమ్మ గారు మరీ అంత చెడ్డావిడ అయ్యుండరులెండి," అంది. మా హెడ్మిస్ట్రెస్ మీద నా మనసులో ఉన్నది మావారితో కూడా ఎప్పుడూ అనలేదు.

"నేను ఇంకా ఏమన్నాను?" అని అడిగేను.

"జ్వరం మాటలండి. పట్టించుకోకండి," అంది.

ఆవిణ్ణి మొదట మీరు అనే పిలిచేను. రెండు రోజులు ఓర్చుకుని, "నన్ను మీరనకండి టీచరుగారండీ, ఇన్నాళ్ళూ నువ్వనే అనేవారు," అంది. ఎప్పుడన్నానో నాకు తెలియని నువ్వుని మళ్ళీ అలవాటు చేసుకున్నాను.

ఆవిడది సముద్రం ఒడ్డునున్న ఓడలరేవు ఊరు. పొద్దున్నే షేర్ ఆటోలో వచ్చేది. అమలాపురంలో ఒక నర్సింగ్ హోములో ఆయాగా కొన్నేళ్ళు చేసి, అది మానేసి, ఇలా ఇళ్ళకి వెళ్ళడం మొదలుపెట్టిందట. ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చినవాళ్ళూ, కాలు విరిగినవాళ్ళూ, పక్షవాతం నించి తేరుకుంటున్నవాళ్ళూ, ఎవరికైనా సరే, ఒక మనిషి దగ్గర ఒక్క మనిషిగా ఉంటుంది. నర్సువా అని అడిగితే, "నర్సుని కాదండి. ఇప్పుడు ఆయాను కూడా కాదండి. లేచి తిరిగేదాకా తోడుంటానండి," అని చెప్పింది.

రోజూ వస్తూనే చెప్పులు గుమ్మం పక్కన విప్పి, కాళ్ళు కడుక్కుని, నా దగ్గరికొచ్చి ఏ వారమో చెప్పేది. ఇవాళ మంగళవారమండి, వానొచ్చేలా ఉందండి, అయ్యగారు ఆఫీసుకెళ్ళేరండి, అని. ఎవరు నేర్పేరని అడిగితే ఎవరూ నేర్పలేదంది. వాళ్ళాయన బోటు మీద సముద్రంలోకి చేపల వేటకి వెళితే ఒక్కోసారి పది రోజులు రాడట. ఒడ్డుకి దిగగానే ముందు ఇవాళ ఏ వారమని అడుగుతాడట. అందుకని, దూరం వెళ్ళొచ్చిన మనిషికి ముందు అది చెప్పాలని ఆవిడకి అలవాటు.

మాది శాకాహారం ఇల్లు. మా నాన్నగారు వేదం చెప్పుకున్న మనిషి. మా అత్తవారూ అలాంటివారే. ఆవిడ మా ఇంటికి వచ్చినన్నాళ్ళూ పప్పూ పచ్చడీ మాత్రమే కేరేజీలో తెచ్చుకునేది. పొద్దున్న ఇంట్లో చేపల కూర తినొస్తే నాకు వాసన తగులుతుందేమోనని ఆటోలో యాలకులు నమిలేదాన్నని చాన్నాళ్ళ తర్వాత చెప్పింది. ఆ మాట విని నాకు ఎలాగో అనిపించింది. మేం ఆవిణ్ణి అలా చెయ్యమని అడగలేదు. వద్దనీ అనలేదు.

నడక నేర్చుకున్నాను. మంచం నించి వంటింటి దాకా, వంటింటి నించి పెరట్లో పంపు దాకా. ఆవిడ చెయ్యి పట్టుకునేది కాదు, నా మోచేతికి బెత్తెడు దూరంలో తన చెయ్యి ఉంచుకుని నడిచేది. కాళ్ళ కంటే మాటలు ఎక్కువ తడబడేవి. చెంచా అడగబోయి కిటికీ ఇమ్మనేదాన్ని. పదమూడో ఎక్కం మధ్యలో ఆగిపోయేది. ముప్ఫై ఏళ్ళుగా పిల్లలకి చెప్పిన ఎక్కం. ఒకరోజు అక్కడే ఆగిపోయి ఏడ్చేను. ఆవిడ తనకి ఎక్కాలు రావని, నేను ఎక్కడ ఆగేనో చెబితే పక్కింటి అమ్మాయిని అడిగొస్తానంది. నాకు ఏడుపులోనే నవ్వొచ్చింది.

అలా పదిరోజులు గడిచేక మా అన్నయ్య కొత్తపేట నించి వచ్చేడు. అక్కడ గుళ్ళో అర్చన చూసుకుంటాడు. కాకినాడకి వచ్చి చూసేడట గానీ, నేను ఇంటికొచ్చేక రావడం అదే మొదటిసారి. కుర్చీ మంచం దగ్గరికి లాక్కుని నా చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. చిక్కిపోయేనని బాధపడ్డాడు. తన మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పేడు. "మీ వదిన ఉంటే ఈపాటికి మకాం ఇక్కడికి మార్చేసేది. పోయి అప్పుడే నాలుగేళ్ళయిపోయింది," అన్నాడు.

ఆవిడ కాఫీ గ్లాసులతో గుమ్మంలో నిలబడి ఉంది. పళ్ళెంలో గ్లాసులు గలగలమన్నాయి. పళ్ళెం స్టూలు మీద పెట్టేసి గబగబా పెరట్లోకి వెళ్ళిపోయింది. అన్నయ్య గమనించలేదు. నేను గమనించేను గానీ ఏమీ అనుకోలేదు.

అన్నయ్య బస్సుకి వెళ్ళిపోయేక, సాయంత్రం ఆవిడ నా దుప్పటి మడతపెడుతూ మధ్యలో ఆగింది.

"మీకు ఎంతమంది వదినలండి?"

"ఒక్కతే."

"ఆ కొత్తపేట ఆవిడేనా అండి?"

"అవును. ఎందుకు?"

దుప్పటి అలా చేతుల్లోనే పట్టుకుని కింద చతికిలబడింది. అప్పుడు చెప్పింది.

ఆవిడ మా ఇంటికొచ్చిన మొదటిరోజు నేను ఆవిడ చెయ్యి పట్టుకుని వదినా అన్నానట. నేను మీ వదిన్ని కాదండి అని ఆవిడ చెప్పిందట. నేను వినలేదు. వదినా, నువ్వు ఆపరేషన్ చేయించుకుని పడుకుంటే నేను రాలేదు, కోపమా, అని అడిగేనట. కాదని చెప్పినకొద్దీ ఏడ్చేనట. రెండోరోజూ అంతే. తిండి ముట్టలేదట, మాత్రలు ఉమ్మేసేనట. మూడోరోజు మళ్ళీ అడిగినప్పుడు ఆవిడ, "లేదమ్మా, నాకు నీ మీద కోపమెందుకు. ఈ జావ తాగు," అందట. నేను తాగేనట.

"ఒక్కరోజుతో పోలేదండి," అంది. "రోజూ అడిగేవారండి. రోజూ చెప్పేదాన్నండి."

ఆ సంగతి ఏమిటో ఇక్కడ చెప్పాలి. నాకు పదకొండో ఏట అమ్మ పోయింది. ఆ మరుసటేడు వదిన మా ఇంటికి కోడలిగా వచ్చింది. నాకు జడలు వేసిందీ, ఈడొచ్చినప్పుడు పక్కన కూర్చుందీ, పెళ్ళిలో బుట్టలో కూర్చోబెట్టిందీ ఆవిడే. ఆరేళ్ళ కిందట వదినకి గర్భసంచి ఆపరేషన్ అయింది. ఇంటికొచ్చేక ఫోన్ చేసింది. "పదిరోజులు వచ్చి ఉండవే. నీ చేతి చారన్నం తింటే లేచి తిరుగుతాను," అంది. పదో తరగతి పిల్లలకి పరీక్షలు వదినా అన్నాను. సరేలే, నీకూ పనులుంటాయి కదా, అంది. పరీక్షలున్న మాట నిజమే. సెలవు అడిగితే ఇచ్చేవారన్న మాటా నిజమే. ఎందుకో అడగలేదు. ఒక ఆదివారం పళ్ళు పట్టుకెళ్ళి రెండు గంటలు కూర్చుని వచ్చేసేను. ఆవిడ ఆ ఆపరేషన్ నించి తేరుకుంది. రెండేళ్ళ తర్వాత గుండెనొప్పి వచ్చి పోయింది. మేమిద్దరం ఆ పదిరోజుల మాట మళ్ళీ ఎత్తుకోలేదు. నేను ఎవరికీ చెప్పలేదు.

"మా వదిన చెప్పాల్సిన మాట నువ్వెలా చెప్పేవు?" అన్నాను. "ఎవరు చెప్పమన్నారు నిన్ను?"

ఆవిడ తల దించుకుంది.

"ఆవిడ ఎక్కడో దూరంగా ఉన్నారనుకున్నానండి. మీరు కోలుకున్నాక ఆవిడే వచ్చి చెబుతారులే, అందాకా నేను చెబుతాననుకున్నానండి. పోయినావిడ మాట నేనెలా చెబుతానండి? తెలిస్తే చెప్పేదాన్ని కాదండి."

రేపట్నించి రావద్దని చెప్పేను. కోపంతో నా నోట్లో మాటలు ఎలా వచ్చేయో తెలీదు. ఆవిడ దుప్పటి మడత పూర్తి చేసి మంచం చివర పెట్టి, కేరేజీ సంచీ తీసుకుని, మావారు వచ్చేదాకా వీధరుగు మీద కూర్చుని, ఆయన రాగానే వెళ్ళిపోయింది. ఆయనకి నేనేమీ చెప్పలేదు. ఆ సాయంత్రమంతా నా కోపం ఎవరి మీదో తేల్చుకోడానికి చూసేను. ఆవిడ మీద కోప్పడితే కాసేపట్లో అది నా మీదికి తిరిగేది. ఇంకో ఆలోచన కూడా వచ్చింది. మా వదినకి మడి పట్టింపు ఎక్కువ. ఈవిణ్ణి వంటింటి గడప దాటనిచ్చేది కాదు. అలాంటి మా వదిన నోటి మాట ఈవిడ నోట వచ్చిందా అని అనిపించింది. ఆ ఆలోచన నాదేనని తెలిసి సిగ్గుపడ్డాను.

మర్నాడు ఎనిమిదింటికి గుమ్మం పక్కన చెప్పుల చప్పుడైంది.

"నిన్న రావద్దని చెప్పేను కదా," అన్నాను.

"చెప్పేరండి. తెలివిలో ఉండి అన్నారో లేదో నాకు తెలీలేదండి. మొన్న చెంచాని కిటికీ అన్నారు కదండి. అందుకని వచ్చేనండి. తెలివిలోనే అన్నానని ఇవాళ ఇంకోసారి చెబితే వెళ్ళిపోతానండి."

అందులో వెటకారం లేదు. నిజంగానే తెలియక అడిగింది. నాకూ తెలియలేదు. నిన్నటి నా మాట లెక్కలోకి రాదంటే, ఆ పద్దెనిమిది రోజులూ నేనన్న మాటలు లెక్కలోకి వస్తాయా? అవి రాకపోతే నేను వదినకి చెప్పుకున్నట్టా, చెప్పుకోనట్టా? లెక్కల్లో ఇలాంటి చోట ఒక ఎక్స్ పెట్టుకుని ముందుకు పోవచ్చని పిల్లలకి చెబుతాను. నాకు ముందుకి పోవడానికి ఏమీ దొరకలేదు. చివరికి, నీళ్ళు కాగేయేమో చూడమన్నాను. ఆవిడ పైట దోపుకుని లోపలికి వెళ్ళింది.

ఆ మధ్యాహ్నం చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటూ కూర్చున్నాం. నా వేళ్ళకి పని కావాలని ఆవిడ రోజూ ఏదో ఒకటి నా ఒళ్ళో పెట్టేది. ఆ రోజుల్లో నేనన్నవన్నీ చెప్పమన్నాను. ఏదీ దాచొద్దన్నాను. ఆవిడ కొంచెం భయపడుతూనే చెప్పింది. చాలావరకు అదే మాట, కోపమా వదినా అని. ఒకరోజు మాత్రం, సెలవు దొరికేదే వదినా, నేనే అడగలేదు, అన్నానట. ఇంకోరోజు ఉన్నట్టుండి ఆవిడ మీద విరుచుకుపడ్డానట. వస్తానంటే నువ్వే కదా వద్దన్నావు, మళ్ళీ రాలేదని సాధిస్తావేం, అని.

నేను ఈనె తీయడం ఆపేసేను.

"నేనలా అన్నానా?"

"ఆయ్, అన్నారండి. గట్టిగానే అన్నారండి. నేను సాధించలేదండి, ఏమీ అనలేదు." ఇంకో కాయ తీసుకుంటూ అడిగింది. "ఆ రెండిట్లో ఏది నిజమండి?"

ఆరేళ్ళుగా నాకు తెలిసిన నిజం ఒకటే. వదిన పిలిచింది, నేను వెళ్ళలేదు. ఫోన్లో మాట్లాడుతూ స్టాఫ్ రూము వరండాలో నిలబడిన చోటు కూడా గుర్తుంది. కానీ నా తలలోంచి ఇరవైతొమ్మిది రోజులు చెరిపినట్టు పోయేయి. అంత పోయినప్పుడు మిగిలినదంతా ఉన్నదున్నట్టే ఉందని ఎలా నమ్మడం? మావారిని అడిగేను. ఆయన చాలాసేపు ఆలోచించి, ఆ ఏడాది ఒకసారి నువ్వు బేగ్‌లో బట్టలు సర్దుకుని మళ్ళీ తీసేసేవు, ఎందుకని నేను అడగలేదు, అన్నారు. నాకు ఊపిరాడినట్టయింది. ఆయనే మళ్ళీ, అది పరీక్ష పేపర్లు దిద్దడానికి కాకినాడ వెళ్ళాలన్నప్పుడేమోలే, అన్నారు.

ఇంకో రెండు వారాలకి నేను ఆటోలో కూర్చోగలిగేను. కొత్తపేట వెళ్ళాలన్నాను. మావారికి ఆఫీసు, ఆవిడ వచ్చింది నాతో. కాలవ గట్టు రోడ్డు మీద గతుకు వచ్చినప్పుడల్లా చెయ్యి నా ముందు అడ్డంగా పెట్టేది. దారి పొడుగునా కాయలు ఒలిచేసిన కొబ్బరిడొక్కల గుట్టలు. నేను అన్నయ్యతో ఏం చెప్పాలో మనసులో వరసగా పేర్చుకుంటున్నాను. రెండో మాట దగ్గరికొచ్చేసరికి మొదటిది పోయేది.

అన్నయ్య ఇంట్లో ముందు గదిలో వదిన ఫోటో ఉంది. దండ వేసి, కింద చిన్న లైటు పెట్టేడు. నేను కుర్చీలో కూర్చున్నాను. ఆవిడ ఆ ఫోటో ముందు ఆగిపోయింది. నడుముకి దోపుకున్న పైట లాగి భుజాల చుట్టూ సర్దుకుంది. చాలాసేపు చూసింది. రోజూ తను ఎవరై మాట్లాడిందో ఆ మొహం ఆవిడ చూడ్డం అదే మొదటిసారి. నాకు ఆవిడ వైపు చూడాలో, ఫోటో వైపు చూడాలో తెలియలేదు.

అన్నయ్యకి చెప్పేను. వదిన రమ్మని ఫోన్ చేసిందని, నేను వెళ్ళలేదని, సెలవు దొరికేదని. మాటలు వెనకాముందూ అయ్యేయి గానీ అన్నీ చెప్పేను. అన్నయ్య అర్థంకానట్టు నావైపు చూసేడు.

"నువ్వొస్తానన్నావు, తనే వద్దంది కదా. పిల్లలకి పరీక్షలు, దాన్ని ఇబ్బంది పెట్టడమెందుకు, నేనే వద్దని చెప్పేను అంది నాతో."

"నిజంగా అలా అందా?"

"అలాగే అంది. నేనెందుకు అబద్ధం చెబుతాను?"

నన్ను కాపాడటానికి వదిన అన్నయ్యకి అలా చెప్పిందా? తను పిలిస్తే ఆడపడుచు రాలేదని మొగుడి దగ్గర ఒప్పుకోలేక అలా చెప్పిందా? లేకపోతే నిజంగా జరిగిందే అదా, నేనే తర్వాతెప్పుడో, ఆవిడ పోయిన దుఃఖంలో, జరిగినదాన్ని నాకు వ్యతిరేకంగా తిరగరాసుకున్నానా? మూడూ నమ్మేలాగే ఉన్నాయి. ఏదో ఒకటి నమ్ముదామని కూర్చుంటే మిగతా రెండూ పక్కన వచ్చి నిలబడేవి. అన్నయ్యకి ఇవేవీ పట్టలేదు. ఆరేళ్ళనాటి మాట ఇప్పుడెందుకే, ముందు ఒళ్ళు చూసుకో, అన్నాడు. ఆ మాటతో అతని మటుకు అది అయిపోయింది.

కాఫీ తాగేక ఆవిడ గ్లాసులు కడగడానికి తీసుకుని వంటింటి గడప దగ్గర ఆగింది. లోపలికి రావచ్చా అని అన్నయ్యని అడిగింది. వెళ్ళమ్మా, దానికి అడగడమెందుకు, అన్నాడు. ఆవిడ అయినా ఒకసారి ఫోటో వైపు చూసి, అప్పుడు లోపలికి వెళ్ళింది. వదిన ఉన్న రోజుల్లో నేను కూడా స్నానం చెయ్యకుండా దాటని గడప అది. లోపల కుళాయి విప్పిన చప్పుడు, గాజుల చప్పుడు వింటూ కూర్చున్నాను. నాకు హాయిగా ఉందో, బెంగగా ఉందో చెప్పమంటే ఇప్పటికీ చెప్పలేను.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో అడిగేను.

"కోపం లేదని అన్నిసార్లు చెప్పేవు కదా. లేదని నీకెలా అనిపించింది?"

"నాకేమీ అనిపించలేదండి," అంది. "అప్పటికి మీరు మూడ్రోజులుగా ఏమీ తినలేదండి. మీరు తాగాలండి, అంతే." తర్వాత, చెప్పనా వద్దా అన్నట్టు ఆగి, "ఆవిడ పోయేరని తెలిసినరోజు ఇంటికెళ్ళి తలస్నానం చేసేనండి. భయమేసిందండి. ఇవాళ ఆ మొహం చూసేక కొంచెం తగ్గిందండి," అంది.

ఎందుకు తగ్గిందని అడగలేదు. అడిగితే మళ్ళీ ఒక సమాధానం వస్తుంది, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలీదు.

మరో నెలకి నేను స్కూలుకి వెళ్ళేను. మొదట సగం పూటలు, తర్వాత పూర్తిగా. పదమూడో ఎక్కం తిరిగొచ్చింది. పేర్లు మాత్రం అప్పుడప్పుడు జారిపోతాయి, పిల్లలు నవ్వుకుంటారు. వదిన సంగతి ఏ రోజుకారోజు ఒకలా కనబడుతుంది. ఒకరోజు నేను తప్పు చేసిన మనిషిని, ఇంకోరోజు కాదు. మావారు దాని గురించి అడగడం మానేసేరు.

నేను స్కూల్లో మళ్ళీ చేరడానికి ముందురోజే ఆవిడకి మా ఇంట్లో ఆఖరు రోజు. రాజోలులో తుంటి విరిగిన ఒక పెద్దాయన దగ్గర పని ఒప్పుకుంది. వాళ్ళు ఇంతకు ముందు ఎక్కడ చేసేవో రాయించుకుని రమ్మన్నారట. టీచరుగారు కదా, ఒక కాగితం రాసివ్వండి, అంది. నేను తెల్లకాగితం తీసుకుని బల్ల దగ్గర కూర్చున్నాను. చేతిరాత ఇంకా కొంచెం వంకరగానే వస్తోంది. స్నానం చేయించడం, తిండి పెట్టడం, వేళకి మందులివ్వడం, నడిపించడం, అన్నీ ఓపిగ్గా చేస్తుందని రాసేను. ఆ తర్వాత పెన్ను ఆగిపోయింది. పక్కన నిలబడి చూస్తున్న ఆవిడకి నేను దేనికి ఆగేనో తెలిసినట్టుంది.

"మీ వదినగారి మాట రాయకండి టీచరుగారండీ," అంది. "వాళ్ళు అడిగితే ఏం చెప్పాలో నాకు తెలీదండి."

నాకూ తెలీదన్నాను. కాసేపు ఆలోచించి, మనిషితో మాట్లాడుతూ ఉంటుంది, అని ఒక వాక్యం రాసి సంతకం పెట్టేను. ఆవిడ కూడబలుక్కుంటూ మొత్తం చదువుకుంది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పర్సులో పెట్టుకుంది. రాజోలు వెళ్ళే బస్సులు పొద్దున్న ఎన్నింటినించి ఉంటాయని మావారిని అడిగి, ఆయన చెప్పింది విని, చెప్పులు వేసుకుని ఆటో స్టాండు వైపు నడిచింది.